సలుపుకీ పోటుకీ తేడా

"ఆదివారం నీకు పనేమీ లేదుగా," అన్నాడు భర్త, శుక్రవారం సాయంత్రం గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ.

అది అడగడం కాదు, తెలియజేయడం. ఆదివారానికి వారం రోజుల బట్టలున్నాయి, అత్తగారి తలస్నానం ఉంది, కారుతున్న సింకు కింద బకెట్టు మార్చడం ఉంది, వచ్చే వారానికి కూరగాయలు తెచ్చి తరిగి డబ్బాల్లో పెట్టడం ఉంది. వాటిని ఆ ఇంట్లో ఎవరూ పనులనరు. ఆదివారం అంటారు.

"కంప్యూటరుకి కొత్త వెర్షన్ వేసెయ్యి. సోమవారం పొద్దున తొమ్మిదికి నాకు ఇంట్లోంచే మీటింగు. పాతదాంట్లో మా ఆఫీసుది తెరుచుకోదట. నువ్వు ఆసుపత్రిలో రోజంతా దాని ముందేగా కూర్చుంటావు, నీకెంతసేపు!"

ఆయన నీళ్ళ సరఫరా ఆఫీసులో సెక్షన్ అధికారి. చెడ్డవాడు కాడు. చెయ్యెత్తడు, గొంతెత్తడు, తాగడు. చుట్టాల్లో ఆడవాళ్ళు ఆమెను చూసి "నీకేమే తల్లీ" అంటారు. ఆ మాట తర్వాత ఆమె చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

కంప్యూటరు హాల్లో ఓ మూల, కిటికీ పక్కన ఉంటుంది. దాని ముందు ఎవరు కూర్చున్నా వీపు ఇల్లంతటికీ కనిపిస్తుంది. తెర మీద మూడు ఫోల్డర్లు: భర్తది, కూతురిది, అత్తగారిది. కూతురు ఐదో తరగతిలో ఉండగా కొన్న యంత్రం అది. ఇప్పుడా పిల్ల డిగ్రీ రెండో ఏడు. ఇన్నేళ్ళలో నాలుగో ఫోల్డరు ఉండాలని ఎవరికీ తోచలేదు. ఎవరో వద్దన్నారని కాదు. ఒకసారి ఆమే అడిగింది, నాకూ ఒకటి పెట్టుకోనా అని. "పెట్టుకో, దానికేం! కానీ నీకేముంటాయ్ అందులో వేసుకోడానికి?" అన్నాడు భర్త, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. ఆమె దగ్గర జవాబు లేక కాదు. చెప్తే అది జవాబులా వినపడదని ఊరుకుంది.

ఆమెకున్నది ఒక్కటే ఫైలు. అది ఎలా మొదలైందో చెప్పాలంటే ఆసుపత్రి కౌంటరు గురించి చెప్పాలి. చీటీలు ఇచ్చే కౌంటరు. అద్దానికి రంధ్రం నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తులో పెట్టారు. వచ్చిన ప్రతివాళ్ళూ వంగి, చెవి పక్కకు తిప్పి, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు మాట్లాడాలి. లోపల ఆమె పేరూ వయసూ కొడుతుంది. ఆ తర్వాత 'బాధ' అని ఒక గడి. దాన్ని నొక్కితే పద్నాలుగు రకాలు కిందికి జారతాయి: తలనొప్పి, కడుపునొప్పి, నడుము నొప్పి... వాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆ పద్నాలుగూ ఎవరు రాశారో గానీ, వాళ్ళకు జన్మలో ఒక్కరోజు కూడా ఎక్కడా నొప్పి పుట్టి ఉండదని ఆమె అనుకునేది.

ఎందుకంటే వచ్చిన ఆడవాళ్ళు అలా చెప్పరు. ఇటుకలు మోసే ఆమె, "నడుములో ఎవరో వచ్చి కూర్చున్నారమ్మా, లేవమంటే లేవట్లేదు" అంటుంది. బట్టలు కుట్టే ఆమె, "మెడలో దారం బిగిసింది, ముడి ఎక్కడుందో దొరకట్లేదు" అంటుంది. పంతులమ్మ ఒకావిడ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఇక్కడ కాదండీ, దీని వెనక. తలుపు ఎవరో మెల్లిగా తోస్తున్నట్టు," అంది. మూడో కాన్పు అయి నెల తిరగని పిల్ల, "ఒళ్ళంతా ఎవరికో అద్దెకిచ్చినట్టుందక్కా" అంది. ఒక ముసలావిడైతే చాలాసేపు ఆలోచించి, "ఇది నొప్పి కాదులే తల్లీ, నొప్పి వెళ్ళిపోగా మిగిలింది," అని తేల్చింది. ఇవి విని, పద్నాలుగులో ఒకటి నొక్కి, "తర్వాత" అనాలి. సూపరింటెండెంటు వెనక నుంచి వచ్చి, "కథలు వినకండమ్మా, లైను కదలాలి. జనం ఆగిపోయేది ఎప్పుడూ మీ కిటికీ దగ్గరే," అనేవాడు. ఆమె లైను కదిపేది. కదుపుతూనే పాత చీటీ వెనక ఆ మాటను ఉన్నదున్నట్టు గీకి, చేతిసంచిలో వేసుకునేది. ఎందుకు వేసుకుంటోందో మొదట్లో ఆమెకే తెలియదు. రోడ్డు మీద ఎవరిదో వస్తువు పడిపోతే చూసి వదిలేసి పోలేం కదా, అంతే.

ఇంటికొచ్చి వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, చీటీలు చింపి పారేసేది. మనిషి పేరుండదు, వయసు, చేసే పని, ఒంట్లో చోటు, అన్న మాట. ఆరేళ్ళలో వెయ్యీ నాలుగు వందల పైచిలుకు అయ్యాయి.

మొదట్లో ఆ ఫైలును తెర మీదే పెట్టింది. పేరు 'నొప్పులు'. ఒకరోజు ఇంటికొచ్చిన తోడల్లుడి ముందు భర్త దాన్ని తెరిచి పైకి చదివాడు. "మా ఆవిడ ఊళ్ళో నొప్పులన్నీ పోగేస్తోందోయ్. నీ దగ్గరేమైనా ఉంటే ఇచ్చిపో." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, టీ కప్పులు పట్టుకున్న మనిషి మొహం ముడుచుకుంటే బాగుండదు గనక. ఆ వారంలోనే ఫైలు మాయమైంది. ఆయనకు తెర శుభ్రంగా ఉండాలి, తను గుర్తుపట్టనిది కనిపిస్తే తీసేస్తాడు. చెత్తబుట్ట తెరిచి చూస్తే అందులో ఉంది. బయట పెట్టింది. మళ్ళీ తీసేశాడు. మూడోసారి దాన్ని బుట్టలో చూసినప్పుడు ఆమెకు ఒక సంగతి తట్టింది. ఈ ఇంట్లో బుట్టలు ఖాళీ చేసే మనిషి ఒక్కరే. వంటింట్లోది, స్నానాల గదిలోది, బాల్కనీలోది, తెర మీది ఈ బొమ్మ బుట్ట కూడా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇంకొకరి చెయ్యి ఏ బుట్ట మీదా పడగా ఆమె చూడలేదు. అంతకన్నా భద్రమైన చోటు ఈ ఇంట్లో ఎక్కడుంది?

అప్పట్నుంచి అదే అలవాటైంది. సాయంత్రం కుక్కరు పొయ్యి మీద పెట్టి, మూడు కూతలు వచ్చేలోపు ఫైలును బుట్టలోంచి తీసి, ఆ రోజు మాటలు ఎక్కించి, మళ్ళీ బుట్టలో పడేసేది. బుట్ట నిండితే మిగతావాళ్ళ చెత్తను ఏరి ఏరి పారేసి, తనదొక్కటీ అడుగున ఉంచేది. ఇంకోచోట దాచే దారి లేకపోయింది. ఆసుపత్రి యంత్రాలకు పెన్‌డ్రైవు పెట్టే చోట్లన్నిటికీ సీలు వేశారు. ఇంట్లో ఉన్న పెన్‌డ్రైవు కూతురిది. మెయిలు భర్త పేరు మీద ఉంది. అందులో ఏది కదిలినా ఆయన ఫోను మోగుతుంది. సొంత ఫోనుందిగా, అందులో వేరే మెయిలు పెట్టుకోకూడదా అని ఎవరైనా అడగొచ్చు. పెట్టుకోవచ్చు. కానీ అలా పెట్టుకున్న రోజు, అది ఎందుకో చెప్పాల్సి వస్తుంది.

ఆ ఫైలు సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కరే, ఆసుపత్రిలో లేడీ డాక్టరు. అదీ పొరపాటున. ఇస్త్రీ చేసే ఆవిడ ఒకామె వస్తే, గడిలో 'నడుము నొప్పి' నొక్కి, ఆమె అన్న మాట పాత చీటీకి బదులు ఆమె చీటీ వెనకే రాసి, హడావుడిలో ఆ చీటీనే ఆమె చేతికిచ్చేసింది: 'నడుము కాదు, లోపల. రాయి దొర్లినట్టు దొర్లుకుంటూ ముందుకొచ్చి తొడలోకి దిగుతుంది.' మధ్యాహ్నం డాక్టరు చీటీ పట్టుకుని కౌంటరు దాకా వచ్చింది. మెమో ఇస్తుందనుకుని ఆమె లేచి నిలబడింది.

"ఇది మీరేనా రాసింది? ముందువైపు మాత్రమే చూసి ఉంటే మాత్రలిచ్చి పంపేసేదాన్ని. నిజంగానే రాయి ఉంది."

డాక్టరు చీటీ కౌంటరు మీద పెట్టింది.

"సరే, ఒకటి చెప్పండి. సలుపుతోంది అంటారు, పోటు అంటారు. నేను చదివిన పుస్తకాల్లో రెండూ ఒకటే. తేడా ఏంటి?"

"పోటు వచ్చి పోతుందండీ," అంది ఆమె. "సలుపు అక్కడే కాపురం పెడుతుంది."

డాక్టరు చుట్టూ తిరిగి కౌంటరు లోపలికి వచ్చింది. తర్వాత ఆ పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది. కౌంటరు ఇవతల కుర్చీలో డాక్టరు కూర్చోవడం అక్కడ ఎవరూ చూసి ఎరగరు. ఆ పావుగంటలో ఆమె ఇరవై ఏళ్ళలో మాట్లాడనంత మాట్లాడింది, ఫైలు సంగతీ చెప్పేసింది. వెళ్ళేటప్పుడు డాక్టరు అంది: "సోమవారం పొద్దున అదంతా నాకు తెచ్చివ్వండి. కొత్తగా చేరే డాక్టర్ల కోసం ఏటా అచ్చు వేసే పుస్తకం ఉంది, సోమవారం మధ్యాహ్నం ప్రెస్సుకు వెళ్ళిపోతుంది. అందులో వేయిస్తాను. పైన మీ పేరుంటుంది. ఒప్పుకుంటారా?"

ఇది జరిగింది గురువారం. శుక్రవారం సాయంత్రం భర్త వచ్చి, ఆదివారం నీకు పనేమీ లేదుగా అన్నాడు.

ఆదివారం పొద్దున ఆమె కొత్త వెర్షన్ దింపడానికి పెట్టి, ఒక్కొక్కరిని పిలిచి అడిగింది, ఏవేవి దాచాలో చెప్పమని. వెర్షన్ మారేటప్పుడు ఎందుకైనా మంచిదని అందరివీ భర్త ఆఫీసు నుంచి తెచ్చిన బయటి డిస్కులోకి ఎక్కించుకోవాలి. భర్త వెనక నుంచున్నాడు. "నా ఫోటోలు ఒక్కటి పోకూడదు." అవి పగిలిన నీళ్ళ గొట్టాల ఫోటోలు, తొమ్మిది వేలు. కూతురు మంచం మీద నుంచే అరిచింది. "అమ్మా, నా గేము సేవ్ అయి ఉంది, అది పోయిందో, నేను ఇంట్లోంచి వెళ్ళిపోతా!" అత్తగారు కర్ర ఆనించుకుని వచ్చి కూర్చుంది. "నా పాటలు జాగ్రత్తమ్మాయ్. మా చెల్లెలి మనవరాలి ఫోటోలున్నాయి, అవి కూడా. ఆ పిల్ల ముక్కు అచ్చం మా అమ్మ ముక్కే." అందరివీ ఎక్కించింది. సరిపోయాయో లేదో రెండుసార్లు చూసుకుంది. నీదేమైనా ఉందా అని ఎవరూ అడగలేదు. అడుగుతారని ఆమె కూడా అనుకోలేదు. భర్త పక్కనే నిలబడి ఎక్కుతున్న ప్రతి ఫైలు పేరూ పైకి చదువుతుంటే తనది తీయడం కుదరలేదు. భోజనమయ్యాక ఆయన గంటసేపు పడుకుంటాడు. ఆ గంట చాలు. కూతుర్ని అడిగి పెన్‌డ్రైవు తీసుకుని చీర కొంగుకు ముడేసుకుంది.

భోజనాలయ్యాయి. గిన్నెలయ్యాయి. భర్త గదిలోకి వెళ్ళి పడుకోవడం చూసి, అత్తగారిని స్నానాల గదిలో స్టూలు మీద కూర్చోబెట్టింది. ముందు ఆ తలస్నానం అయిపోతే తర్వాత ఎవరూ పిలవరని. జుట్టు నిండా నురగ పట్టించి రుద్దుతుండగా హాల్లోంచి భర్త గొంతు వినిపించింది. ఎందుకో ఆ రోజు ఆయనకు నిద్ర పట్టలేదు.

"ఇదిగో! నీ పని తేలిక చేసి పెట్టా!"

ఆమె చేతులు ఆగాయి.

"జాగా రెండు జీబీ తక్కువైందంటోంది. ఏం చేద్దామా అని చూస్తే చెత్తబుట్టలో మూడు జీబీ పేరుకుపోయి ఉంది. ఖాళీ చేసి పారేశా. ఎన్నాళ్ళయిందో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు!"

"నీళ్ళు పొయ్యవేమ్మాయ్, కళ్ళు మండుతున్నాయి," అంది అత్తగారు.

ఆమె నీళ్ళు పోసింది. రెండో చెంబు పోసింది. నురగంతా పోయేదాకా పోసి, తల తుడిచి, అత్తగారిని చెయ్యి పట్టుకుని మంచం దాకా నడిపించి, అప్పుడు హాల్లోకి వచ్చింది. భర్త కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు, మెచ్చుకోలు కోసం చూస్తున్న మొహంతో. తెర మీద బుట్ట బొమ్మ ఖాళీగా, చాలా శుభ్రంగా ఉంది. ఆమె ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి, ఆరబెట్టిన దుప్పట్ల వెనక నిలబడి, ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆయనకు చేసింది.

ఆయన సెలవు రోజు నిద్ర గొంతుతోనే అన్నీ విన్నాడు. "కొత్త వెర్షన్ ఇంకా వేయలేదుగా? అయితే ఏం పోలేదు మేడమ్. బుట్టలోంచి తీసేసినా డిస్కు మీద అది అలాగే ఉంటుంది, పేరు మాత్రమే పోతుంది. ఇప్పుడే యంత్రం ఆపేయండి. దాన్ని ముట్టుకోకండి. రేపు పొద్దున ఎనిమిదింటికి డిస్కు తెచ్చివ్వండి, గంటలో తీసిస్తాను. కానీ కొత్తది వేశారంటే మాత్రం దాని మీద రాసేస్తుంది. అప్పుడిక దేవుడొచ్చినా తియ్యలేడు."

ఒక్క రోజు. ఒక్క రోజు ఆపితే చాలు.

ఆమె లోపలికి వచ్చేసరికి తెర మీద ప్రశ్న సిద్ధంగా ఉంది: అంతా సిద్ధం, ఇన్‌స్టాల్ చేయమంటారా?

"ఏమండీ, ఇవాళ ఆపుదాం. రేపు సాయంత్రం వేస్తాను."

"రేపు తొమ్మిదికి నా మీటింగు!"

"ఒక్కరోజు ఆఫీసుకెళ్ళి చూసుకోండి. నాదొకటి పోయింది ఇందులో."

"నీదా?" భర్త చుట్టూ చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమో అన్నట్టు. "నీదేముంది ఇందులో?"

చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చివరి నుంచి చెప్పింది. డాక్టరు అడిగిందని, సోమవారమే ఇవ్వాలని, ఆరేళ్ళ నుంచి రాస్తున్నానని, వెయ్యి దాటాయని. చెబుతుంటే తనకే అది చిన్నదైపోతూ వినిపించింది. కూతురు గదిలోంచి వచ్చి గుమ్మానికి ఆనుకుంది. అత్తగారు తడి జుట్టు ఆరబోసుకుంటూ మంచం మీద నుంచే చెవొగ్గింది.

"ఆ నొప్పులేనా? ఇంకా రాస్తున్నావా?" భర్త గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే. "మరి ఎక్కడ పెట్టావ్? నేను అందరివీ దాచమనే కదా చెప్పింది?"

"బుట్టలో."

"ఏ బుట్టలో?"

"చెత్తబుట్టలో."

ముందు కూతురు నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, మోకాళ్ళ మీద వంగి నవ్వింది. "అమ్మా! ఎవరైనా చెత్తబుట్టలో దాచుకుంటారా? అయ్యో, నా ఫ్రెండ్స్‌కి చెప్పాలి ఇది!"

"నొప్పులు దాచుకునేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానమ్మా," అంది అత్తగారు. "ఎవరికైనా ఉంటే వదిలించుకుంటారు గానీ."

భర్త నవ్వలేదు. పాపం ఆయన నిజంగానే బాధపడ్డాడు. "చూడు, నేనేమైనా కావాలని చేశానా? బుట్టలో ఉన్నది పారేయడం నా తప్పా? నువ్వే చెప్పు." న్యాయంగా చూస్తే తప్పు ఎక్కడుందో ఆమెకూ దొరకలేదు. "పోనీ, మళ్ళీ రాసుకో. నువ్వు విన్నవేగా, గుర్తుండే ఉంటాయి. నేనేమైనా వద్దంటున్నానా? రోజూ ఒక అరగంట కూర్చో. పాప కూడా సాయం చేస్తుంది."

"నేనా?" అంది కూతురు.

"గుర్తుండవండీ. అవి నా మాటలు కావు."

"వెయ్యి నొప్పుల్లో వందైనా గుర్తుండవూ? వంద ఇవ్వు డాక్టరుకి, వంద చాలవా?" ఆయన లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. "సరే, ఒక పని చేద్దాం. నేను బలవంతం చేయను. రేపు పొద్దున్నే గంటన్నర బస్సులో ఆఫీసుకెళ్ళి కూర్చోమంటే కూర్చుంటా, ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని కూడా. పైవాళ్ళు ఎందుకొచ్చావంటే మా ఆవిడ నొప్పులు పోయాయని చెప్తా. నువ్వే ఆలోచించుకో. నేను నొక్కను. నువ్వే నొక్కు, లేదా ఆపేయ్. తర్వాత మాత్రం నన్ననకు."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. మౌసు ఆమె ముందుంది.

ఆపేయొచ్చు. ఎంతసేపు, యంత్రం వెనక మీట కిందికి వేస్తే అయిపోతుంది. ఆపేస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. కొట్టరు, తిట్టరు. పొద్దున ఐదింటికి ఆయన లేచి గట్టిగా నిట్టూరుస్తూ బూట్లు వేసుకుంటాడు. అత్తగారు టిఫిను వద్దంటుంది. సాయంత్రం ఆయన ఆలస్యంగా వచ్చి, తలనొప్పిగా ఉంది, కానీ నీ లెక్కలో అది రాసుకోవద్దులే అంటాడు. ఆ మాట చుట్టాల్లో తిరుగుతుంది. వచ్చే ఐదేళ్ళు ఆ ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆ ఆదివారం దాకా వెళ్ళి ఆగుతుంది. ఇవన్నీ ఆమె ఓర్చుకోగలదు. ఇంతకన్నా పెద్దవే ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే. ఇంతమంది నిలబడి చూస్తుండగా, నాది కావాలి అని చెయ్యి చాచడం. ఇరవై ఏళ్ళలో ఆ చెయ్యి ఎవరికో అందించడానికి తప్ప చాచింది లేదు. అది ఎలా చాచాలో ఆ చేతికి తెలియదు.

"తొందరగా తేల్చమ్మా, టీ టైమైంది," అంది అత్తగారు.

ఆమె నొక్కింది.

తెర నల్లబడింది. మధ్యలో ఒక చుక్కల వలయం తిరగడం మొదలైంది. కింద అక్షరాలు: దీనికి కొంత సమయం పడుతుంది, దయచేసి ఆపకండి.

"అదీ!" అన్నాడు భర్త. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చాలాకాలానికి వేశాడు. "మంచిదానివి."

ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. హాల్లోంచి కూతురు మధ్యమధ్య అంకెలు చదివి వినిపిస్తోంది: పన్నెండు శాతం, పంతొమ్మిది, ఇరవై ఏడు. ఆమె స్టవ్ దగ్గర నిలబడి పాలపొంగు చూస్తూ గుర్తు తెచ్చుకోసాగింది. ఇటుకలు మోసే ఆమె వచ్చింది, కుట్టే ఆమె వచ్చింది. అలా ఓ ముప్ఫై, నలభై. ఆ తర్వాత చేపలమ్మే ఆమె అన్నది ఏమిటి? మోచేతి గురించి. నమిలినట్టు అందా, కొరికినట్టు అందా? నమిలినట్టు అనే అనుకుంది. అనుకున్నాక భయమేసింది. ఆ మాట ఆ మనిషిది కాదు, తను ఇప్పుడు పెట్టింది. ఇంకొకటి తీసింది, అదీ అంతే. తన భాషలోకి మారిపోయి వస్తోంది. వాళ్ళు చెప్పిన చోట తను చెబుతోంది, పద్నాలుగు రకాలు రాసినవాడిలాగే. ఇక తీయడం మానేసింది.

కూతురు అరవై నాలుగు అంటుండగా అత్తగారు గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. మామూలుగా అటు రాదు.

"అమ్మాయ్, అందులో నావి కూడా ఉన్నాయా?"

"ఉన్నాయి అత్తయ్యా. మోకాలి గురించి ఒకటి. మామయ్యగారు చనిపోయిన ఏడాది మీరన్నారు."

"ఏమన్నాను?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. టీ దించాల్సిన సమయం దాటిపోయింది. "చాలా బాగా అన్నారు అత్తయ్యా. నేను మళ్ళీ మళ్ళీ చదువుకునేదాన్ని. మాటే రావడం లేదు."

ముసలావిడ తల వంచుకుని తన మోకాలి వంక చూసుకుంది. చేత్తో ఒకసారి రాసింది. "నాకూ గుర్తు లేదు," అంది. కప్పు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రానికి అంతా అయిపోయింది. కొత్త తెర నీలంగా మెరుస్తోంది. మూడు ఫోల్డర్లూ ఉన్న చోట ఉన్నాయి, నీళ్ళ గొట్టాలు తొమ్మిది వేలూ ఉన్నాయి, గేము ఆగిన చోటే ఆగి ఉంది. "ఏదీ పోలేదు!" అన్నాడు భర్త. పెన్‌డ్రైవు ఇచ్చేస్తే కూతురు ఎందుకు తీసుకున్నావని కూడా అడగలేదు.

సోమవారం తొమ్మిదిన్నరకు లేడీ డాక్టరు కౌంటరు తలుపు తోసుకుని లోపలికే వచ్చింది. చేతిలో ఖాళీ కవరు కూడా ఉంది, కాగితాలు పెట్టుకోవడానికి.

"తెచ్చారా?"

బస్సులో వస్తూ ఆమె ఏం చెప్పాలో ఎన్నో రకాలుగా అనుకుంది. పోయిందంటే ఎలా పోయిందంటారు. బుట్టలో ఉందంటే బుట్టలో ఎందుకుందంటారు. ఎవరు నొక్కారంటారు.

"రాయలేదండీ," అంది.

"అంటే?"

"ఊరికే నోటితో చెప్పాను గానీ, కూర్చుని రాసిందేమీ లేదు. క్షమించండి."

"వెయ్యి పైనే ఉన్నాయన్నారు కదమ్మా?"

"నోటి లెక్కండీ."

డాక్టరు ఖాళీ కవరును రెండుగా మడిచింది. డాక్టరు మొహంలో కోపం కోసం వెతికింది ఆమె, కోపమైనా బాగుండేది. "పర్లేదులెండి," అంది డాక్టరు మెత్తగా. "ఇల్లూ ఉద్యోగమూ అంటే మనకు ఎక్కడ కుదురుతుంది? నాకు తెలీదా." పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసి, నిలబడే వెళ్ళిపోయింది.

ఫోనులో భర్త మెసేజీ వచ్చింది. మీటింగు బ్రహ్మాండంగా అయింది, నా మొహం చాలా స్పష్టంగా కనబడిందట అందరికీ.

అద్దం రంధ్రం దగ్గర ఒకామె వంగింది. చెవి పక్కకు తిప్పి మొదలుపెట్టింది. "అమ్మా, ఈ ఎడం పక్క పొద్దున లేస్తూనే..." ఆమె మాట పూర్తి కాకముందే కౌంటరు లోపలి చెయ్యి గడిని నొక్కి, పద్నాలుగులో ఒకటి ఎంచి, చీటీ చింపి ఇచ్చింది. తర్వాత. తర్వాత. ఆ పూట ఆమె కిటికీ ముందు జనం ఆగలేదు. సూపరింటెండెంటు అటు వెళ్తూ రెండుసార్లు తొంగి చూసి, బాగుందన్నట్టు తల ఊపాడు.

భోజనాల వేళ ఆమె సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. కింద నేలమాళిగలో రికార్డు గదికి ఒక మనిషి కావాలని నెల నుంచి నోటీసు వేలాడుతోంది. కిటికీ లేని గది, పాత ఫైళ్ళ దుమ్ము, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మనిషి రాడు. అందుకే ఎవరూ పేరు ఇవ్వలేదు. ఆమె తన పేరు ఇస్తానంది.

"మీరా?" ఆయన కళ్ళజోడు తీశాడు. "ఒకసారి వెళ్తే మళ్ళీ పైకి రావడం కష్టమమ్మా, ఆలోచించుకున్నారా? అక్కడ మాట్లాడ్డానికి కూడా ఎవరూ ఉండరు."

"ఆలోచించుకున్నానండీ."

ఆయన సంతోషంగానే ఫారం తీశాడు. పేరు రాశాడు, సెక్షన్ రాశాడు, తేదీ వేశాడు. మధ్యలో ఒకచోట కలం ఆగింది.

"ఎందుకు మారుతున్నారో కారణం రాయాలిక్కడ. ఏం రాయమంటారు?"

"మీకేది తేలికైతే అది రాసుకోండి," అంది.

ఆయన ఏదో రాశాడు. ఆమె చదవకుండా సంతకం పెట్టింది.